రిపోర్టులో కనిపించిన నట్టలు పామువా, ఎలుకవా?

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్ల బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) ఉంది. ఆడది, బరువు 900 గ్రాములు. పెంపకందారు దగ్గర కొన్నాం, కాగితాలన్నీ ఉన్నాయి. వారానికోసారి షాపు నుంచి బతికున్న తెల్ల ఎలుకను తెచ్చి రాత్రి టబ్బులో వదులుతాం. ఎలుక 200 గ్రాముల దాకా ఉంటుంది. షాపులో దొరకనప్పుడు రెండుసార్లు ఇంట్లో బోనులో పడ్డ ఎలుకనే వేశాం. పాము తిననప్పుడు ఆ ఎలుకను స్నేహితుడికి ఇచ్చేస్తాను, అతనికీ పాములున్నాయి. గత నెలలో మాది రెండుసార్లు తిన్నది కక్కేసింది. దగ్గర్లో కుక్కల్ని చూసే క్లినిక్‌లో మలం పరీక్ష చేయిస్తే ‘పిన్‌వార్మ్ గుడ్లు, హైమెనోలెపిస్ గుడ్లు ఉన్నాయి’ అని రాసిచ్చారు. షాపతను కుక్కలకిచ్చే నట్టల మందు 2 మిల్లీలీటర్లు పట్టమన్నాడు, ఇక మీదట మూడు నెలలకోసారి పట్టాలట. స్నేహితుడేమో ఆల్బెండజోల్ మాత్ర పావు ముక్క చాలంటున్నాడు. ఇంకా ఏదీ ఇవ్వలేదు. ఏది మంచిది? ఇంట్లో మా అక్క కూతురు, మూడేళ్ల పాప ఉంది. ఈ పురుగులు మనుషులకూ అంటుకుంటాయేమోనని అమ్మ భయపడుతోంది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: రెండూ ఇవ్వకండి. ఇంతవరకు ఏదీ ఇవ్వకుండా ఆగి అడిగారు, చాలా మంచిపని చేశారు.

మీ రిపోర్టు తప్పని నేననను. పరీక్ష చేసినవారికి ఆ గుడ్లు కనిపించే ఉంటాయి. అయితే అవి మీ పాముకు పట్టిన నట్టలవి కావు, దాదాపు ఖాయంగా అది మింగిన ఎలుకలవి. కక్కడం వేరే సమస్య. దానికి కారణాలు మీ ఉత్తరంలోనే ఒకటి రెండు కనిపిస్తున్నాయి. ఈ రెండింటినీ ముడిపెట్టి మందు పడితే అసలు సమస్య అలాగే ఉంటుంది, పైగా పాముకు లేని జబ్బు కొత్తగా తెచ్చిపెట్టినవాళ్లమవుతాం.

ముందు ఆ గుడ్ల సంగతి. అమ్మకానికి పెంచే తెల్ల ఎలుకల్లో పిన్‌వార్మ్ అతి మామూలు. చిట్టెలుకల్లో సిఫేసియా ఆబ్వెలేటా, పెద్ద ఎలుకల్లో సిఫేసియా మ్యూరిస్ అనే జాతులుంటాయి. ఇవి ఎలుక పెద్దపేగులో బతుకుతూ, మలద్వారం చుట్టూ ఉన్న చర్మానికీ బొచ్చుకూ గుడ్లు అంటిస్తాయి. పాము ఎలుకను బొచ్చుతో సహా మింగుతుంది కదా. మాంసం, ఎముకలు కరిగిపోతాయి గానీ వెంట్రుకలు కరగవు. ఈసారి మలాన్ని ఒక పుల్లతో విప్పి చూడండి, లోపల ఎలుక వెంట్రుకల ఉండ అలాగే ఉంటుంది. ఆ వెంట్రుకలతో పాటే నట్టల గుడ్లు కూడా పాము కడుపులోంచి ఈ చివరి నుంచి ఆ చివరికి దాటి వచ్చేస్తాయి. హైమెనోలెపిస్ కూడా అంతే, అది ఎలుకల పేగుల్లో ఉండే బద్దెపురుగు. సూక్ష్మదర్శిని కింద పిన్‌వార్మ్ గుడ్డు ఒకపక్క చదునుగా, రెండో పక్క వంపుగా కనిపిస్తుంది. హైమెనోలెపిస్ గుడ్డు గుండ్రంగా ఉండి, లోపల ఆరు చిన్న కొక్కేలు కనిపిస్తాయి. ఒకసారి చూసినవారు మరిచిపోరు. గుర్తుపట్టడం కష్టం కాదు, అవి ఎవరి పురుగులో చెప్పడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. రోజంతా కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టరుకు పాము మలం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? వారిని తప్పుపట్టలేం.

సరీసృపాల్లో పిన్‌వార్మ్ నిజంగా కాపురముండేది ఎక్కువగా ఆకులు తినే తాబేళ్లలో, ఇగువానాల్లో. ఎలుకలు తినే పాము మలంలో పిన్‌వార్మ్ గుడ్డు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఎలుకనే. ఎలుక బొచ్చులో ఉండే పేలు, మైట్లు లాంటి చిన్న పురుగుల గుడ్లు కూడా ఇలాగే దాటి వస్తాయి. అవి పరిమాణంలో పెద్దవి కాబట్టి కొత్తవారు వాటిని చూసి కొంకిపురుగు గుడ్లని రాసేయడం జరుగుతుంటుంది.

ఇది నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. అదే షాపులో, అదే పెట్టెలోని ఎలుకల పెంటికలు పది పన్నెండు ఒక డబ్బీలో వేసుకుని పరీక్షకివ్వండి. అవే గుడ్లు అక్కడా కనిపిస్తే ఎవరివో తెలిసిపోయినట్టే. దీనికయ్యే ఖర్చు ఒక్క పరీక్ష రుసుము. పెంపకందార్లు ఈ పని ఎందుకు చేయించరో నాకిప్పటికీ అర్థం కాదు.

అలాగని బతికున్న ఎలుకల వల్ల నట్టలే రావని అనుకోకండి. ఏది ఎలా వస్తుందో తెలిస్తే ఎక్కడ అడ్డుకోవాలో తెలుస్తుంది. పాములకు నిజంగా హాని చేసేవి రెండు దారుల్లో వస్తాయి. మొదటిది నేరుగా, మలం నుంచి నోటికి. కాలిసెఫాలస్ అనే పాముల కొంకిపురుగు, ఊపిరితిత్తుల్లో చేరే రాబ్డియాస్, పేగును పుండు చేసే ఎంటమీబా ఇన్వాడెన్స్ అనే ఏకకణ జీవి, కడుపు గోడలో చేరే క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్ (క్రిప్టో) అనే మరో ఏకకణ జీవి ఈ కోవలోవి. వీటికి మధ్యలో మరో జంతువు అక్కర్లేదు. మురికి టబ్బు, అడవి నుంచి పట్టి తెచ్చిన కొత్త పాము, రెండు టబ్బులకూ వాడే ఒకే పటకారు ఉంటే చాలు. రెండో దారి వేట జంతువు ద్వారా. కొండచిలువల్లో ఉండే ఏలికపాములు, కొన్ని బద్దెపురుగులు, ఊపిరితిత్తుల్లో పెరిగే ఆర్మిలిఫర్ లాంటి పెంటాస్టోమ్‌లు (పురుగుల్లా కనిపించే పరాన్నజీవులు) మొదట ఎలుకలోనో, కప్పలోనో, బల్లిలోనో పిల్లదశలో కొన్నాళ్లుండి, పాము దాన్ని మింగినప్పుడు పాములో పెద్దవవుతాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎలుకలో పాము నట్ట పిల్లదశ ఉండాలంటే ఆ ఎలుక అంతకుముందు పాము మలం అంటిన తిండి తిని ఉండాలి. పాముల నీడ కూడా పడని గదిలో, దాణా తింటూ పెరిగిన తెల్ల ఎలుకకు ఆ అవకాశం దాదాపు లేదు. పొలంలో, మురుగుకాలువలో, మీ అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో తిరిగే ఎలుకకు ఉంది. అందుకే బోనులో పడ్డ ఎలుకను ఇక ఎప్పుడూ వేయకండి, ఎంత అవసరమైనా సరే. దానికి నట్టలే కాదు, లెప్టోస్పైరా, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. పక్కింటివాళ్లు పెట్టిన ఎలుకల మందు తిని ఉండవచ్చు, ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు కాబట్టి పైకి చూస్తే తెలియదు. కప్పల్ని, బల్లుల్ని వేయడం అంతకన్నా ప్రమాదం. బాల్ పైథాన్‌కు ఒక పూట తిండి దొరక్కపోతే ఏమీ కాదు, ఆరోగ్యంగా ఉన్నది నెలల తరబడి తినకుండా ఉండగలదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నట్టల మాట కాదు, తినని ఎలుకను స్నేహితుడికి ఇస్తున్నానన్న మాట. రాత్రంతా మీ టబ్బులో తిరిగిన ఎలుక అక్కడి మలం తొక్కి, నీళ్ల గిన్నెలో తడిసి, కాళ్లు నాక్కుంటుంది. దాన్ని తీసుకెళ్లి ఇంకో పాము ముందు పెడితే మీ టబ్బులో ఏముంటే అది నేరుగా ఆ పాము నోట్లోకి పోతుంది. ఎంటమీబా, క్రిప్టో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. అతని ఎలుకలు మీ ఇంటికి వస్తుంటే అదీ ఆపండి.

ఇక కక్కడం. బాల్ పైథాన్ రెండుసార్లు కక్కితే నేను నట్టల కన్నా ముందు మూడు విషయాలు అడుగుతాను: వేడి ఎంత, ఎలుక ఎంత, తిన్నాక ఎప్పుడు చేతుల్లోకి తీసుకున్నారు. వేడి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. టబ్బులో వెచ్చటి పక్క 31 నుంచి 32 డిగ్రీలు, చల్లటి పక్క 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. హీట్ మ్యాట్ మీదున్న బటన్ చూసి అంచనా వేయకండి. థర్మోస్టాట్ పెట్టి, పాము పడుకునే చోటే థర్మామీటరు కొన ఆనించి కొలవండి. రాత్రి ఏసీ వేసుకునే గదిలో టబ్బు ఉంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఒకసారి చూడండి. పాము తన ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. బయటి వేడి తగ్గితే అరుగుదల ఆగుతుంది, లోపల ఎలుక కుళ్లడం మొదలవుతుంది, అప్పుడు కక్కేస్తుంది.

ఎలుక విషయం మీరే రాశారు. 900 గ్రాముల పాముకు 200 గ్రాముల ఎలుక అంటే ఒంటి బరువులో అయిదో వంతుకు మించి. అదీ వారం వారం. ఈ వయసుకు 80, 90 గ్రాముల ఎలుక, పదిరోజులకో రెండు వారాలకో ఒకటి సరిపోతుంది. ఎలుక మందం పాము నడుము మందాన్ని దాటకూడదు. తిన్న తర్వాత కనీసం 48 గంటలు ఎవరూ ముట్టుకోకూడదు, బంధువులొచ్చినా, పాప మారాం చేసినా.

కక్కినప్పుడు పాము ఒక్క తిండినే కాదు, కడుపులోని ఆమ్లాన్నీ పోగొట్టుకుంటుంది, గొంతు పొర ఒరుసుకుపోతుంది. అయ్యో ఆకలితో ఉందే అని మర్నాడే ఇంకో ఎలుక వేస్తే అదీ కక్కుతుంది, ఈసారి ఇంకా నీరసిస్తుంది. చివరిసారి కక్కిన రోజు నుంచి రెండు వారాలు ఏమీ పెట్టకండి. శుభ్రమైన నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఆ తర్వాత 40 గ్రాముల లోపు చిన్నది ఒకటి ఇచ్చి చూడండి. వారానికోసారి వంటింటి త్రాసు లాంటి దాని మీద (పాముకు విడిగా ఒకటి కొనండి) తూచి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. బరువు 810కి దిగితే పదోవంతు తగ్గినట్టు, అప్పుడు ఇంట్లో కూర్చుని చూడొద్దు.

వేడి సరిచేసి, ఎలుక తగ్గించి, ముట్టుకోకుండా వదిలేసినా మళ్లీ కక్కితే నా మనసు క్రిప్టో వైపు పోతుంది. అది కడుపు గోడలో చేరి గోడను మందంగా వాచేలా చేస్తుంది. తినని రోజుల్లో కూడా పాము నడిమి భాగంలో గట్టిగా ఒక ఉబ్బు కనిపిస్తుంటే అనుమానించాలి. మామూలు మలం పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు. యాసిడ్ ఫాస్ట్ అనే ప్రత్యేక రంగు వేసి చూడాలి, లేదా పీసీఆర్ (జన్యుపదార్థాన్ని బట్టి గుర్తుపట్టే పరీక్ష) చేయించాలి. ఇక్కడా ఎలుకల గొడవ ఉంది. ఎలుకల్లో ఉండే క్రిప్టోస్పోరిడియం మ్యూరిస్ కూడా పాము మలంలోంచి దాటి వస్తుంది, రంగు వేస్తే రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకని ‘క్రిప్టో ఉంది’ అన్న ఒక్క మాట విని పాము మీద ఆశ వదులుకోకండి, ఏ జాతో పీసీఆర్‌లో తేల్చమని అడగండి. నిజంగా సర్పెంటిస్ అయితే నమ్మకంగా నయం చేసే మందు ఇప్పటికి లేదు. ఆ పామును జీవితాంతం మిగతావాటి నుంచి వేరుగా ఉంచాలి. మామూలు బ్లీచింగ్ నీళ్లకు దాని గుడ్లు చావవు, మరిగే నీళ్లు, ఆవిరి పనిచేస్తాయి.

మందుల విషయానికొస్తే, షాపతను చెప్పిన లెక్క వేసి చూద్దాం. పాముల్లో గుండ్రటి నట్టలకు ఎక్కువగా వాడేది ఫెన్‌బెండజోల్. కిలోకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు. మీ పాముకు 23 నుంచి 45 మిల్లీగ్రాములన్నమాట. మార్కెట్లో 2.5 శాతం సీసా ఉంది, 10 శాతం సీసా ఉంది. మొదటిదైతే 2 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు, రెండోదైతే 200. అంటే సీసా మారితే అదే 2 మిల్లీలీటర్లు అవసరానికి నాలుగు నుంచి తొమ్మిది రెట్లవుతుంది. కుక్కల సిరప్పుల్లో ఫెన్‌బెండజోల్ కాకుండా వేరే మందులూ ఉంటాయి. అతను సీసా పేరైనా చెప్పాడా? మీ స్నేహితుడి పావు మాత్ర లెక్క కూడా అంతే. 400 మిల్లీగ్రాముల మాత్రలో పావు అంటే 100 మిల్లీగ్రాములు, కిలోకు 110 పైమాటే. ఈ కుటుంబపు మందులు మోతాదు మించితే ఎముక మజ్జను అణచివేస్తాయి, తెల్లరక్తకణాలు పడిపోతాయి, పేగు పొర దెబ్బతింటుంది. ఇలా పాములు చనిపోయిన సందర్భాలు పశువైద్యంలో నమోదయ్యాయి. ఎవరైనా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ అంటే అసలే వద్దనండి. బాల్ పైథాన్లలో దానివల్ల తల వణకడం, పట్టు తప్పడం లాంటి నరాల లక్షణాలు కనిపించాయి. తాబేళ్లకైతే అది ప్రాణాంతకం. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్, ఏకకణ జీవులకు మెట్రోనిడజోల్ ఉన్నాయి. ఏ పురుగో తెలిశాక, బరువు తూచాక, పాముల్ని చూసే డాక్టరు రాసిస్తేనే వాడాలి.

మూడు నెలలకోసారి నట్టల మందు అనే అలవాటు గొర్రెల మందల నుంచి, కుక్కల నుంచి పాములకు పాకింది. మందలో బయట మేసే గొర్రెకు అది అవసరం. మూత పెట్టిన టబ్బులో, కాగితం మీద, శుభ్రమైన ఎలుక తినే పాముకు ఆ మందు అనవసరం. కొత్తగా కొన్న పాముకు మాత్రం పరీక్ష తప్పనిసరి, విడిగా మూడు నెలలు ఉంచడం తప్పనిసరి. ముఖ్యంగా అది పశ్చిమాఫ్రికా నుంచి, ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి దిగుమతైన పాము అయితే. ఇక్కడే పుట్టిన పిల్లకూ, అక్కడ నేలలోంచి తీసి పంపిన దానికీ కడుపులో చాలా తేడా ఉంటుంది.

రెండో పరీక్షకు మలం తాజాగా ఉండాలి. గోధుమరంగు భాగం తీసుకోండి, తెల్లటి సుద్దముక్కలాంటిది మూత్రం, అందులో ఏమీ తెలియదు. మూత గట్టిగా ఉన్న డబ్బీలో పెట్టి ఆ పూటే అందించండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఒక్కసారి ఏమీ కనిపించలేదంటే లేవని కాదు, నట్టలు రోజూ గుడ్లు వదలవు. వరసగా మూడు మలాలు చూపిస్తే నమ్మొచ్చు. మీకు హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉంది. ఆంధ్రలో ఉన్నవారికి తిరుపతి, గన్నవరం కళాశాలలున్నాయి. అక్కడి పరాన్నజీవశాస్త్ర విభాగాల్లో అడవి జంతువుల నట్టల గుడ్లు చూసిన కళ్లుంటాయి. వెళ్లేటప్పుడు పాము నమోదు పత్రం వెంట ఉంచుకోండి. బాల్ పైథాన్ సైటిస్ (అడవి జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జంతువు, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. మన దేశపు అడవి పాములను, చిన్నదైనా సరే, ఇంట్లో పెట్టుకోవడం నేరం.

బతికున్న ఎలుకను మానేయండి. నట్టల కోసమే కాదు. మూలకు నెట్టుకుపోయిన ఎలుక కొరికితే పాము కన్ను పోవచ్చు, వెన్ను మీద ఎముక కనిపించేంత గాయం కావచ్చు. రాత్రంతా వదిలేసినప్పుడు ఇవి జరుగుతాయి. చంపి గడ్డకట్టించిన ఎలుకలు అమ్మేవారుంటే అక్కడ కొనండి, లేదా ఎలుకలు పెంచేవారినే బాధ లేకుండా చంపి ఇవ్వమనండి. మైనస్ 20 డిగ్రీల్లో నెల ఉంచితే కండలో దాగిన నట్టల పిల్లదశలు దాదాపుగా చస్తాయి. సాల్మొనెల్లా చావదు. ఇంటి ఫ్రిజ్‌లో పెడితే అమ్మ ఊరుకోరు, ఊరుకోకపోవడమే సరైంది, చిన్న ఫ్రీజర్ విడిగా ఉండాలి.

ముందు రోజు రాత్రి మూత ఉన్న డబ్బాలో మామూలు ఫ్రిజ్ అరలోకి మార్చి కరగనివ్వండి. సాయంత్రం కవరులో కట్టి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చేతికి మన ఒంటి వేడి తగిలేదాకా వేడెక్కించండి. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట ఉడికి ఇంకోచోట గడ్డగానే ఉంటుంది. బొచ్చు తుడిచి, తల మాత్రం హెయిర్ డ్రైయర్‌తో ఇంకొంచెం వేడి చేయండి. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, అది గురి చూసేది ఆ వేడినే. గదిలో లైటు తగ్గించి, పొడవాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని నెమ్మదిగా కదిలించండి. మొదటిసారి మొహం తిప్పుకుంటే కంగారు పడకండి. దాచిపెట్టకుండా పారేసి, వారం ఆగి మళ్లీ ప్రయత్నించండి. బతికున్నదానికి అలవాటు పడ్డ పాము మారడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఇంకో మాట, చంపి గడ్డకట్టించిన ఎలుకలు వేసినా మలంలో ఎలుక నట్టల గుడ్ల పెంకులు కనిపిస్తూనే ఉండవచ్చు. అది చూసి మళ్లీ మందు సీసా వైపు వెళ్లకండి.

టబ్బులో కొబ్బరి పీచు, చెక్క పొట్టు తీసేసి కొన్నాళ్లు న్యూస్‌పేపర్ పరవండి. మలం వేసిన వెంటనే కనిపిస్తుంది, కాగితంతో సహా తీసేయొచ్చు. నిజంగా కొంకిపురుగు లాంటిది ఉన్నా, మలం ఎప్పటికప్పుడు తీసేస్తే పాము మళ్లీ మళ్లీ అంటించుకోవడం ఆగుతుంది. మందుతో చేసే పనిలో సగం ఈ కాగితమే చేస్తుంది.

చివరిగా అమ్మగారి భయం. ఆమెకు చెప్పండి, పాముల ఎంటమీబా, క్రిప్టోస్పోరిడియం సర్పెంటిస్ మనుషులకు రావు. ఎలుకల పిన్‌వార్మ్ గురించీ పాప విషయంలో కంగారు పడక్కర్లేదు. హైమెనోలెపిస్ సంగతి కొంచెం వేరు, ఆ కుటుంబంలోని మరుగుజ్జు బద్దెపురుగు పిల్లల్లో కనిపిస్తుంది, గుడ్లు నోట్లోకి పోతే సోకుతుంది. అంటే పాపకు దూరంగా ఉంచాల్సింది పాము కన్నా ముందు ఆ ఎలుకల డబ్బాను. అసలు భయపడాల్సింది సాల్మొనెల్లాకు. ఆరోగ్యంగా ఉన్న పాము పేగుల్లో కూడా అది ఉంటుంది, అయిదేళ్ల లోపు పిల్లల్లో తీవ్రమైన విరేచనాలు, జ్వరం తెస్తుంది. పాప పామును ముట్టుకోకూడదు, మీరు ముట్టుకున్న చేత్తో పాపను ఎత్తుకోకూడదు, సబ్బుతో కడుక్కున్నాకే. టబ్బును, నీళ్ల గిన్నెను, పటకారును వంటింటి సింకులో కానీ, పాపకు స్నానం చేయించే చోట కానీ కడగకండి. బాల్కనీలో విడిగా ఒక బకెట్, ఒక బ్రష్ పెట్టుకోండి, వాటిని మరి దేనికీ వాడకండి. పాపకు ఎప్పుడైనా విరేచనాలు పట్టుకుంటే, ఇంట్లో పాము ఉందన్న మాట పిల్లల డాక్టరుకు అడగకముందే చెప్పండి.